హ్యూమన్ సర్వీసెస్, ఆర్ట్స్ రెండు డిగ్రీలు కలిపి చదవడం: కోనసీమలో ఉంటూ సాధ్యమేనా?

అంబాజీపేట_నాన్న
మా అమ్మాయి ఈ ఏడాది హెచ్.ఈ.సి. గ్రూపుతో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. ఆస్ట్రేలియాలో ఉంటున్న మా బావమరిది కూతురు అక్కడ హ్యూమన్ సర్వీసెస్, ఆర్ట్స్ అనే రెండు డిగ్రీలను కలిపి నాలుగేళ్ల కోర్సుగా చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఆ పిల్ల చెప్పిన సంగతులు విన్న దగ్గర నుంచి మా అమ్మాయి కూడా అదే చదువుతానంటోంది. వృద్ధులు, దివ్యాంగులు, ఇంట్లో హింసకు గురైన స్త్రీలు, తల్లిదండ్రుల ఆలనకు దూరమైన పిల్లలు, ఇటువంటి వారికి అండగా నిలిచే ఉద్యోగాలకు మొదటి డిగ్రీ తయారు చేస్తుందట. చరిత్ర, సమాజశాస్త్రం, సాహిత్యం వంటివి రెండో డిగ్రీలో చదువుకోవచ్చునట.

ఇది ఆమెకు నిన్న పుట్టి రేపు పోయే ముచ్చట కాదని నాకు తెలుసు. మా వీధిలో తల్లులు కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లలో పని చేస్తుంటే అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు ఉన్నారు. వాళ్లను సాయంత్రాలు కూర్చోబెట్టి చదివించేది మా అమ్మాయే. అయితే మా నాన్నగారు మాత్రం, బి.ఏ. చదువు కోసం కొబ్బరి తోట తాకట్టు పెట్టి పరదేశం పంపడం ఏమిటని బాధపడుతున్నారు. అక్కడికి పంపడం మేలా, ఇక్కడే ఉండి రెండు డిగ్రీలూ చదివే మార్గం ఉందా, అసలు ఆ చదువుకు మన ప్రాంతంలో ఉపాధి ఉందా అన్నవి నా ప్రశ్నలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వశిష్ఠ_తీరం
అమ్మాయి తిరిగి ఇక్కడికే వచ్చి పనిచేయాలనుకుంటోందా, లేక అక్కడే స్థిరపడాలనుకుంటోందా? ఆ ఒక్కటి తేలితే మిగిలిన లెక్కలు సులువవుతాయి.

అంబాజీపేట_నాన్న
ఇక్కడే పనిచేయాలని అంటోంది. అయితే పద్దెనిమిదేళ్ల పిల్ల మాట మీద అన్ని దారులూ మూసివేయడం నాకు ఇష్టం లేదు.

అడిలైడ్_రాజోలు
మాది రాజోలు. చాలా ఏళ్లుగా ఆస్ట్రేలియాలో దివ్యాంగుల సహాయ సేవల రంగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఈ చదువు సంగతి కొంత వివరంగా చెప్పగలను.

ఇక్కడ హ్యూమన్ సర్వీసెస్ డిగ్రీ విడిగా మూడేళ్లు, ఆర్ట్స్ డిగ్రీ విడిగా మూడేళ్లు. రెండూ కలిపి చేరితే సాధారణంగా నాలుగేళ్లలో పూర్తవుతాయి. ప్రతి డిగ్రీలోనూ విద్యార్థి ఇష్టానికి వదిలిన ఐచ్ఛిక పేపర్లు చాలా ఉంటాయి. జంట డిగ్రీలో ఒకదాని ఐచ్ఛిక పేపర్ల స్థానంలో రెండోదాని ముఖ్య పేపర్లను లెక్క వేస్తారు. అందువల్ల విద్యార్థి ఏ సెమిస్టరులోనూ మామూలుకంటే ఎక్కువ పేపర్లు చదవనక్కర లేదు. నాలుగేళ్లకు రెండు పట్టాలు వస్తాయి. సంస్థల్లో పర్యవేక్షకుల కింద పనిచేసే ప్లేస్‌మెంట్ కూడా ఇందులో భాగమే. దానికి వెళ్లేముందు పోలీసు ధ్రువీకరణ, పిల్లలతో పనిచేయడానికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

చేరేముందు తప్పక తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది. హ్యూమన్ సర్వీసెస్ డిగ్రీ, సోషల్ వర్క్ డిగ్రీ ఇక్కడ ఒకటి కావు. ఆస్ట్రేలియన్ అసోసియేషన్ ఆఫ్ సోషల్ వర్కర్స్ గుర్తించిన నాలుగేళ్ల సోషల్ వర్క్ డిగ్రీ గాని, రెండేళ్ల అర్హత ఎంఎస్‌డబ్ల్యూ (డిగ్రీ తరువాత చేసే సోషల్ వర్క్ పీజీ) గాని ఉన్నవారే ఆ సంఘంలో సభ్యులు కాగలరు. ఆ కోర్సుల్లో కనీసం 1000 గంటల ప్లేస్‌మెంట్ ఉంటుంది. ఆసుపత్రుల్లో చాలా ఉద్యోగాలకు ఆ సభ్యత్వానికి అర్హత అడుగుతారు. హ్యూమన్ సర్వీసెస్ చదివినవారికి వృద్ధుల సంరక్షణ, గృహవసతి, యువజన సేవలు, దివ్యాంగుల సహాయం వంటి చోట్ల మంచి ఉద్యోగాలు ఉన్నాయి. కానీ ఈ తేడా తెలియకుండా చేరి, మూడో ఏడాదిలో తెలుసుకుని దుఃఖించిన మన పిల్లలను చూశాను.

భీమవరం_వర్మ
ఖర్చు సంగతి కూడా చెప్పండి అక్కగారూ. అసలు ప్రశ్న అక్కడే ఉంది.

అడిలైడ్_రాజోలు
చెబుతాను. విదేశీ విద్యార్థులకు ఫీజు చాలాచోట్ల ఏడాదికి పాతిక వేల ఆస్ట్రేలియా డాలర్లకు పైమాటే. దీనికి తోడు వీసా కోసం ఒక ఏడాది జీవన వ్యయం కింద 29,710 డాలర్లు చూపాలన్న నిబంధన 2024 మే నెల నుంచి అమలులో ఉంది. చదువు జరుగుతున్నప్పుడు పక్షానికి 48 గంటలకు మించి ఉద్యోగం చేయకూడదు. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ ఆ 48 గంటల్లోకి రాదు గాని, దానికి సాధారణంగా జీతం ఉండదు. వారాల తరబడి పగలంతా ప్లేస్‌మెంట్‌లో ఉండి, రాత్రి దుకాణంలో పనిచేసి, మరునాడు ఉదయం ఒక వృద్ధుడి దుఃఖాన్ని ఓపికగా వినాలంటే ఎంత కష్టమో ఊహించండి. 2025 జూలై నుంచి ప్రభుత్వం సోషల్ వర్క్ వంటి కొన్ని కోర్సుల విద్యార్థులకు ప్లేస్‌మెంట్ భృతి ఇస్తోంది. అయితే అది ఇక్కడి విద్యార్థులకే గాని మన దేశం నుంచి వీసా మీద వచ్చే పిల్లలకు కాదు.

తోట తాకట్టు పెట్టి మొదటి డిగ్రీకే పంపమని నేను చెప్పలేను. ఇక్కడికి రాదలచుకుంటే తరువాత రావచ్చు.

భీమవరం_వర్మ
అక్కగారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఇంకొక మాట కూడా అంటాను. సేవ చేయాలనే మనసు ఉన్నప్పుడు దానికి డిగ్రీ ఎందుకు? డొక్కా సీతమ్మ గారు ఏ కళాశాలలో చదివి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారు? అమ్మాయిని బి.ఏ., బి.ఇడి. చదివించి ఉపాధ్యాయురాలిని చేయండి. ఉద్యోగమూ ఉంటుంది, ఆ వీధి పిల్లలకు చేసే సేవా ఆగదు.

కాకినాడ_కౌన్సెలర్
వర్మగారి మాటలో గౌరవించదగినది ఉన్నా, నేను ఒప్పుకోలేను. సీతమ్మ గారి చేతి అన్నం తిన్నవారి తరతరాలు ఆమెను తలుచుకోవడం న్యాయం. కానీ ఆకలిని చూసి గుర్తుపట్టినంత సులువుగా అన్ని కష్టాలనూ గుర్తుపట్టలేము.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. పరీక్షా కేంద్రంలో కౌన్సెలరుగా చాలాకాలం పనిచేశాను. ఫలితం చేతికిచ్చే ముందు ఏమి చెప్పాలో, ఇచ్చిన తరువాత ఎంతసేపు మౌనంగా ఉండాలో, భార్యకు చెప్పవద్దని ప్రాధేయపడే భర్తతో ఏ విధంగా మాట్లాడాలో, ఆ గదిలో విన్న మాట గది దాటకుండా ఎలా కాపాడాలో మంచి మనసు ఒక్కటే నేర్పదు. మంచి మనసుతోనే మొదట్లో నాతోపాటు చేరిన ఒకరు, ఏడుస్తున్న ఒక తల్లిని ఊరడించాలని ఏమీ కాదు, అంతా బాగైపోతుందని మాట ఇచ్చారు. ఆమె మందులు వాడడం మానివేసింది. తప్పుడు ఊరట ఇవ్వకూడదన్నది ఈ చదువులో మొదటి సెమిస్టరులోనే చెప్పే పాఠం. అందుకే ఈ పనికి శిక్షణ కావాలంటాను.

భీమవరం_వర్మ
శిక్షణ అవసరమని మీరు చెప్పిన తీరు నాకు నచ్చింది. అయితే జీతం మాట కూడా చెప్పండి. అమ్మాయి తండ్రి అడిగిన మూడో ప్రశ్న అదే కదా.

కాకినాడ_కౌన్సెలర్
దాచవలసిన అవసరం లేదు. బాలల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల ప్రకారం జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కరుకు, కౌన్సెలరుకు నెలకు 18,536 రూపాయలు. ఊళ్లు తిరిగే అవుట్‌రీచ్ వర్కరుకు 10,592 రూపాయలు. ఎక్కువగా కాంట్రాక్టు ఉద్యోగాలే. హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రాల్లో, పునరావాస గృహాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పరిస్థితి ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదు. వైద్య కళాశాలల్లోని కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల్లో మెడికల్ సోషల్ వర్కరు పోస్టులు ఉంటాయి గాని అవి కొద్ది. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు సంక్షేమ, విద్యా సహాయకుల పోస్టులకు ఆర్ట్స్ డిగ్రీ అడిగారు కాబట్టి మన బి.ఏ. పిల్లలు చాలామంది అందులో చేరారు.

ఒక పసిబిడ్డను ఏ ఇంటికి అప్పగించాలో నివేదిక రాసే మనిషికి ఇంత తక్కువ ఇవ్వడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఆ అన్యాయం తెలిసే ఈ రంగంలోకి రావాలి.

పాలకొల్లు_పద్మ
ఒకేసారి రెండు డిగ్రీలు చదివితే రెండోది చెల్లదని మా చిన్నప్పటి నుంచి వింటున్నాము. ఇప్పుడు చెల్లుతుందా?

గోదావరి_అధ్యాపకుడు
పద్మగారి సందేహం చాలామంది తల్లిదండ్రులకు ఉంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 ఏప్రిల్‌లో మార్గదర్శకాలు ఇచ్చిన తరువాత ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతి ఉంది. తరగతుల వేళలు ఒకదానిపై ఒకటి పడకపోతే రెండింటినీ కళాశాలకు వెళ్లి చదవవచ్చు. లేదా ఒకటి కళాశాలలో, ఇంకొకటి దూరవిద్యలో గాని ఆన్‌లైన్‌లో గాని చదవవచ్చు. రెండింటినీ దూరవిద్యలోనూ చదవవచ్చు. దూరవిద్య డిగ్రీకి యూజీసీ గుర్తింపు తప్పనిసరి. పిహెచ్.డి.కి ఈ వెసులుబాటు వర్తించదు.

అయితే అడిలైడ్ అక్కగారు చెప్పిన జంట డిగ్రీకి, ఇక్కడి అనుమతికి మధ్య ఉన్న తేడాను తండ్రిగారు గమనించాలి. అక్కడ ఒకే విశ్వవిద్యాలయం రెండు పాఠ్యప్రణాళికలను ముడివేసి, ఉమ్మడి పేపర్లను ఒక్కసారే లెక్కవేసి, భారాన్ని తగ్గించి ఇస్తుంది. ఇక్కడ అనుమతి మాత్రమే ఉంది, ముడివేయడం లేదు. రెండు విశ్వవిద్యాలయాలు, రెండు పరీక్షల పట్టికలు, రెండు అసైన్‌మెంట్ల గడువులు. ఒక చోట చదివిన సమాజశాస్త్రం పేపరును రెండో చోట మినహాయిస్తారని ఆశించరాదు. ఒక ఎద్దుకు రెండు బళ్లు కట్టినట్టు అవుతుందేమో ముందుగానే ఆలోచించుకోవాలి.

గౌతమి_విద్యార్థిని
ఆ రెండు బళ్లూ లాగుతున్నదాన్ని కాబట్టి నా అనుభవం చెబుతాను. నేను పగలు కళాశాలలో బి.ఏ. చరిత్ర ప్రధానాంశంగా చదువుతూ, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో (ఇగ్నో) దూరవిద్యగా బి.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ డిగ్రీ) చదువుతున్నాను. ఇగ్నోకు మన రాష్ట్రంలో విశాఖపట్నంలోనూ విజయవాడలోనూ ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. బి.ఎస్.డబ్ల్యూ.కు కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్ల వరకు పూర్తి చేయవచ్చు. చేరేటప్పుడు ఈ ఆరేళ్ల సంగతి ఎవరూ నాకు నొక్కి చెప్పలేదు. అది తెలిశాక నా మనసు తేలికపడింది.

ఇగ్నో పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటాయి. మా కళాశాల సెమిస్టరు పరీక్షలు కొన్నిసార్లు డిసెంబరు దగ్గరకు జరుగుతాయి. అటువంటప్పుడు నేను ఇగ్నోలో కొన్ని పేపర్లను జూన్‌కు వదిలివేస్తాను. రెండింటినీ ఒకే వేగంతో లాగాలనుకుంటే రెండూ దెబ్బతింటాయి. పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. ఫీల్డ్ వర్క్ అంతా తెలుగులో జరుగుతుంది, జర్నల్ మాత్రం ఇంగ్లీషులో రాయాలి.

ఇంత కష్టమున్నా నేను విడిచిపెట్టను. చరిత్ర తరగతిలో విన్న జమీందారీ భూముల పాఠం, ఫీల్డ్ వర్క్‌లో కలిసిన కౌలు రైతు మాట, రెండూ ఒకే వారంలో నా ముందుకు వచ్చినప్పుడు కలిగిన గ్రహింపు నాకు ఇంకే విధంగానూ వచ్చేది కాదు.

రాజోలు_మాస్టారు
అమ్మాయి పట్టుదలను మెచ్చుకుంటున్నాను. అయినా ఇది అందరికీ చెప్పదగిన దారి కాదని నా అభిప్రాయం. ముందు బి.ఏ.ను శ్రద్ధగా, నిండుగా చదవాలి. ఏ డిగ్రీ చదివినవారైనా ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూలో చేరవచ్చు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ కోర్సు ఎప్పటినుంచో ఉంది. 1936లో మొదలైన టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు హైదరాబాదులోనూ ప్రాంగణం ఉంది. ఐదేళ్లలో రెండు చదువులూ వస్తాయి, ఒక దాని మీద ఒకటి నిలబడతాయి.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని చూడండి. ఆంధ్ర మహిళా సభను స్థాపించారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివారు, ఆ తరువాత న్యాయశాస్త్రం చదివారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. సేవ, చదువు ఆమె జీవితంలో ఒకదాని వెంట ఒకటి పెనవేసుకుని సాగాయి.

గౌతమి_విద్యార్థిని
మాస్టారూ, దుర్గాబాయి గారి ఉదాహరణ నా వాదానికే బలమిస్తుందని వినయంగా మనవి చేస్తున్నాను. ఆమె చదువు పూర్తయ్యేదాకా పనికి ఆగలేదు. చిన్న వయసులోనే కాకినాడలో ఆడపిల్లలకు హిందీ నేర్పారు. 1923లో అక్కడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపారు. ఎదిగే వయసులో పని చూసినవారు చదివే తీరు వేరుగా ఉంటుంది. మూడేళ్లు పుస్తకాలతో గడిపి, ఆ తరువాత మనుషుల దగ్గరకు వెళ్తే అప్పటికి మన మాట తీరు బిగుసుకుపోతుందని నా భయం.

గోదావరి_అధ్యాపకుడు
ఇద్దరి మాటల మధ్య ఒక వీలు ఉంది. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తరువాత వేసవిలో 180 గంటలు ఒక గ్రామంలో గాని వార్డులో గాని సర్వే చేసి, ఒక సమస్యను ఎంచుకుని పనిచేయాలి. బి.ఏ.తో పాటే క్షేత్రానుభవం కావాలనుకునే అమ్మాయికి ఇది చాలా విలువైనది.

విచారకరమైన విషయం ఏమిటంటే, ఎక్కువమంది దీనిని ఇంట్లో కూర్చుని నింపే ఫారంగా భావిస్తున్నారు. పాత నివేదికను చూసి పేర్లు మార్చి తెచ్చే పిల్లలు ఉన్నారు. ఆ 180 గంటలను నిజంగా వాడుకున్న ఒక విద్యార్థిని తన ఊరి అంగన్‌వాడీలో బరువు తక్కువ ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి, వాళ్లలో ఎక్కువమంది తల్లులు తెల్లవారక ముందే రొయ్యల చెరువుల పనికి, షెడ్లకు వెళ్తున్నారని గుర్తించింది. కేంద్రం తెరిచే వేళకు పిల్లను దింపేవారు ఇంట్లో లేకపోవడమే సమస్య. ఆ సంగతి ఊరిలో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు.

లంకల_యువకుడు
ఆర్ట్స్ ఎందుకు అని అడిగేవారికి నా సమాధానం చెప్పాలని ఉంది. మాది పి.గన్నవరం వైపు లంక గ్రామం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. పునరావాస శిబిరంలో స్వచ్ఛందంగా పనిచేశాను. బియ్యం, కొవ్వొత్తులు, మందులు పంచడం అందరమూ బాగానే చేశాము. నీరు తీసిన తరువాత అసలు పని మొదలైంది.

పంట నష్టం నమోదు చేసేటప్పుడు అరటి, కంద వేసి అప్పులపాలైన వారిలో చాలామంది పేర్లు జాబితాలో కనిపించలేదు. వాళ్లు కౌలు రైతులు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు ఉంటే వారికి పరిహారం అందే వీలుంది. కానీ ఆ కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానులు భయపడతారు. మాతో పనిచేసిన ఒక స్వచ్ఛంద కార్యకర్త, ఎంతో ఓర్పు ఉన్న మనిషి, ప్రతి కౌలు రైతు కుటుంబాన్నీ కలిసి ధైర్యం చెప్పారు, దుఃఖం విన్నారు. కానీ యజమానులకు ఆ భయం ఎక్కడ నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. కౌలుదారీ చట్టాల చరిత్ర చదివిన మా కళాశాల విద్యార్థి ఒకడు యజమానుల ఇళ్లకు వెళ్లి, ఈ కార్డు వల్ల యాజమాన్యానికి భంగం లేదని, కాలపరిమితి పదకొండు నెలలేనని చట్టంలోని మాటలతోనే వివరించాడు. అందరూ ఒప్పుకోలేదు. కొందరు సంతకం పెట్టారు.

ఆమె ఓర్పు, అతని చదువు ఒకే మనిషిలో ఉండి ఉంటే ఎంత బాగుండేదని ఆనాడే అనుకున్నాను. అంబాజీపేట అన్నయ్యగారి అమ్మాయి అడుగుతున్నది అదే కదా.

రాజోలు_మాస్టారు
బాబూ, నీవు చెప్పిన సంగతితో నా మాట కొంత సవరించుకుంటాను. రెండు చదువులూ అవసరమే. వరుస విషయంలోనే నాకు పట్టుదల.

భీమవరం_వర్మ
నేను కూడా ఒకటి చెప్పాలి. మా ఊళ్లో పెద్ద పెద్ద ఇళ్లలో వృద్ధులు ఒంటరిగా ఉంటున్నారు. పిల్లలు అమెరికాలో, హైదరాబాదులో ఉన్నారు. డబ్బుకు లోటు లేదు, పలకరించే మనిషి లేడు. తల్లిదండ్రుల పోషణకు 2007 చట్టం ఉందని, 14567 అనే వృద్ధుల సహాయ నంబరుకు ఫోను చేయవచ్చని వారిలో చాలామందికి తెలియదు. ఇటువంటి చోట శిక్షణ పొందిన మనిషికి పని ఉంటుందా? ఉంటే దానికి జీతం ఇచ్చేవారు ఎవరు?

కాకినాడ_కౌన్సెలర్
పని చాలా ఉంది వర్మగారూ. జీతం ఇచ్చే వ్యవస్థ ఇంకా ఏర్పడలేదు. ఇప్పటికి కొన్ని ఆసుపత్రులు ఇంటివద్ద సంరక్షణ పేరుతో నర్సులను పంపుతున్నాయి గాని, ఆ కుటుంబం మొత్తంతో మాట్లాడి, ఆస్తి తగాదా నుంచి మతిమరుపు దాకా అర్థం చేసుకుని దారి చూపే ఉద్యోగిని పెట్టడం లేదు. పదేళ్లలో పరిస్థితి మారుతుందని నేను నమ్ముతున్నాను. మన డెల్టాలో వృద్ధుల సంఖ్యను కళ్లారా చూస్తున్నవారికి ఆ నమ్మకం కలగక మానదు.

అంబాజీపేట_నాన్న
అందరి మాటలూ అమ్మాయికి చదివి వినిపించాను. విదేశం సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదామని తానే అంది. ఇక్కడే బి.ఏ.లో చేరుతుంది. ఇప్పుడు మూడు సందేహాలు మిగిలాయి. బి.ఏ.లో ఏ ప్రధానాంశం తీసుకోవాలి? బి.ఎస్.డబ్ల్యూ.లో ఇప్పుడే చేరాలా, ఆగాలా? ఫీల్డ్ వర్క్ మా ఊరిలోనే చేసుకోవచ్చా? ఆడపిల్ల ఒంటరిగా ఊళ్లు తిరగడం గురించి మా అమ్మగారికి దిగులుగా ఉంది.

గోదావరి_అధ్యాపకుడు
మొదటి దానికి: 2023-24 నుంచి మన డిగ్రీలో ఒకే ప్రధానాంశం, దానితో పాటు ఒక మైనరు ఉండే విధానం వచ్చింది. సమాజశాస్త్రం గాని మనస్తత్వశాస్త్రం గాని దొరికితే అది ప్రధానాంశంగా తీసుకోవడం మంచిది. మన వైపు చాలా కళాశాలల్లో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం దొరికినంత సులువుగా ఇవి దొరకవు. అటువంటప్పుడు దగ్గరలో ఉన్న మంచి కళాశాలలో అర్థశాస్త్రం లేదా చరిత్ర తీసుకోండి. ప్రధానాంశం కోసం మంచి అధ్యాపకులు లేని చోటికి పంపవద్దు. ఇతర శాఖల పుస్తకాలు గ్రంథాలయంలో చదువుకోవచ్చు, మంచి అధ్యాపకుడు గ్రంథాలయంలో దొరకడు.

కాకినాడ_కౌన్సెలర్
మూడో సందేహం చాలా ముఖ్యమైనది. ఫీల్డ్ వర్క్ సొంత ఊరిలో చేయనివ్వవద్దని నా గట్టి సలహా. కారణం భద్రత ఒక్కటే కాదు. మన ఊళ్లలో ప్రతి ఇల్లూ ఏదో ఒక వరసలో చుట్టమే. పిన్ని ఇంట్లో జరిగే గొడవ విన్న అమ్మాయి మరునాడు అదే పిన్నిని పెళ్లి పందిట్లో కలుసుకోవాలి. ఎంత నోరు కట్టుకున్నా, చెప్పినవారికి తమ మాట ఎక్కడికి పోతుందోనన్న అనుమానం ఉంటుంది. వాళ్లు నిజం చెప్పరు, ఈమె నేర్చుకోదు. పక్క మండలంలో, బస్సు సదుపాయం ఉన్న చోట, పర్యవేక్షకులు ఉన్న సంస్థలో చేయడం ఉత్తమం.

భద్రత విషయంలో కొన్ని పద్ధతులు ఉన్నాయి. మొదటి ఏడాది ఇళ్లకు ఒంటరిగా వెళ్లకూడదు, ఇద్దరు కలిసి వెళ్లాలి. ఏ ఇంటికి, ఏ వేళకు వెళ్తున్నదీ సంస్థలో రాసిపెట్టి వెళ్లాలి. చీకటి పడకముందే తిరిగి రావాలి. ఆశా కార్యకర్తను గాని అంగన్‌వాడీ టీచరును గాని వెంట తీసుకుని వెళ్తే ఊరివారు ఆదరంగా మాట్లాడతారు. ఇవన్నీ పాటించే సంస్థనే ఎంచుకోండి. మామ్మగారికి ఈ మాటలు చెప్పండి, కొంత ధైర్యం కలుగుతుంది.

పాలకొల్లు_పద్మ
ఇంటికి వచ్చాక అమ్మాయి ఆ విన్న కష్టాలన్నీ మనసులో పెట్టుకుని కుమిలిపోదా? నాకు ఆ భయం ఎక్కువగా ఉంది.

కాకినాడ_కౌన్సెలర్
కుమిలిపోయే ప్రమాదం ఉంది. అందుకే సూపర్‌విజన్ ఉంటుంది. వారానికి ఒకసారైనా పర్యవేక్షకుల దగ్గర కూర్చుని, తాను ఏమి విన్నదో, విన్నప్పుడు తనకు ఏమి అనిపించిందో చెప్పుకోవాలి. పేర్లు బయట పెట్టకుండా భారం దించుకునే చోటు అది. ఆ ఏర్పాటు లేని సంస్థలో ఎంత మంచి పేరున్నా చేర్చవద్దు.

అడిలైడ్_రాజోలు
ఒక చిన్న మాట కలుపుతాను. అమ్మాయి ముందుముందు ఇక్కడికి రావాలనుకుంటే, సాంఘిక శాస్త్రాల పేపర్లు తగినంత ఉన్న డిగ్రీతో రెండేళ్ల అర్హత ఎంఎస్‌డబ్ల్యూకు దరఖాస్తు చేసుకోవచ్చు. నాలుగేళ్ల ఫీజుకు బదులు రెండేళ్ల ఫీజుతో అయిపోతుంది. దాని కోసం ఇప్పటినుంచే ప్రతి సెమిస్టరు పాఠ్యప్రణాళిక ప్రతిని, ఫీల్డ్ వర్క్ గంటల లెక్కను పర్యవేక్షకుల సంతకంతో సహా దాచుకోమనండి. ఏళ్లు గడిచాక వాటికోసం కళాశాల చుట్టూ తిరగడం ఎంత కష్టమో ఇక్కడికి వచ్చినవారందరికీ తెలుసు.

గౌతమి_విద్యార్థిని
మిగిలిన రెండో సందేహానికి నా సమాధానం. మాస్టారి మాటను, నా మాటను కలిపి చెబుతున్నాను. మొదటి సెమిస్టరు బి.ఏ. మీదే దృష్టి పెట్టమనండి. ఇంగ్లీషులో చదవడం, రాయడం అలవాటవుతుంది. ఇగ్నోలో జనవరిలోనూ జూలైలోనూ ప్రవేశాలు ఉంటాయి కాబట్టి ఆరు నెలలు ఆగినా ఏడాది పోదు. మీ జిల్లా ఏ ప్రాంతీయ కేంద్రం కిందకు వస్తుందో, దగ్గరలో బి.ఎస్.డబ్ల్యూ. అధ్యయన కేంద్రం ఏదో, ఫీల్డ్ వర్క్ పర్యవేక్షకులు అక్కడ ఉన్నారో లేదో కనుక్కున్న తరువాతే ఫీజు కట్టండి. పర్యవేక్షకులు అందుబాటులో లేని కేంద్రమైతే బి.ఎస్.డబ్ల్యూ. వద్దు, మాస్టారు చెప్పినట్టు బి.ఏ. తరువాత ఎంఎస్‌డబ్ల్యూ చేయడమే మేలు.

రాజోలు_మాస్టారు
ఈ షరతుతో నేను కూడా ఒప్పుకుంటున్నాను.

అంబాజీపేట_నాన్న
సోమవారం అమలాపురం వెళ్లి కళాశాలలో దరఖాస్తు ఇస్తాము, ప్రాంతీయ కేంద్రానికి ఫోను చేసి పర్యవేక్షకుల సంగతి అడుగుతాను. లంకల_యువకుడు గారూ, కౌలు కార్డుల పని మీ వైపు ఇప్పటికీ జరుగుతున్నదా? మొదటి వేసవి 180 గంటలకు మా అమ్మాయి అటువంటి పని చూడాలనుకుంటోంది.

లంకల_యువకుడు
జరుగుతోంది. ఖరీఫ్ మొదలయ్యే ముందు కార్డుల దరఖాస్తులు ఎక్కువగా ఉంటాయి, అప్పుడే మనుషుల అవసరం కూడా ఎక్కువ. పరీక్షలు అయిన వెంటనే ఇక్కడ రాయమనండి. మాతో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు, వాళ్లతో కలిపి పంపుతాము.